రెండు గొట్టాలు, సగం మీసం

"ముప్ఫై దాటింది!" అన్నాను.

"ముప్ఫై ఒకటి అమ్మా."

"దాటిందా లేదా?"

మా అమ్మాయి మారుమాట లేకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. వెనకాల వస్తున్న సైకిలు మమ్మల్ని దాటుకుని ముందుకు పోయింది. సైకిలు మీది పెద్దాయన మా వంక జాలిగా చూశాడు. చూస్తే చూడనీ. నేరాలు పరిశోధించే పిల్లని కన్నదానికి ఇలాంటి చూపులు ఒక లెక్కా? దొంగలూ హంతకులూ ఏమీ చెయ్యలేక వదిలేసిన పిల్ల, చివరికి ఏ లారీ కిందో పడిందంటే నా గతేం కాను?

అందుకే అది ఏ కేసుకి వెళ్ళినా నేనూ వెళ్తాను. మొదట్లో వద్దనేది. ఇంట్లో వదిలిపెడితే పావుగంటకోసారి ఫోన్ చేస్తానని తెలిశాక, తనే కారు తలుపు తీసి "ఎక్కు తల్లీ" అంటోంది. నా సంచి నాతోనే ఉంటుంది. అందులో కట్టుగుడ్డలు, కాలిన పుండ్ల మందు, టార్చిలైటు, ఈల, కత్తెర, గొడుగు. ఏ క్షణాన ఏం మూడుతుందో ఎవరికి తెలుసు?

ఆ రోజు వెళ్తున్నది బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీకి. ఆ మాట వినగానే సంచిలో ఇంకో చుట్ట కట్టుగుడ్డ కుక్కాను.

"అది పేలితేనో?" అని అడిగాను బయల్దేరేముందే.

"పేలాకే మనల్ని పిలిచారమ్మా. ఇంక పేలడానికి ఏమీ మిగల్లేదు."

ఫ్యాక్టరీ గేటు కనిపిస్తుండగా, నేలకి జానెడు ఎత్తున్న ఎర్ర కారొకటి మా పక్కనుంచి రివ్వున దూసుకుపోయింది. పోతూ పోతూ రెండుసార్లు హారన్ మోగించింది.

"ఇస్త్రీ!" అని పళ్ళు నూరింది మా అమ్మాయి.

ఇస్త్రీ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున పరిశోధనలు చేసే కుర్రాడు. వానలో తడిసినా అతని చొక్కా మీద మడత పడదని మేం పెట్టుకున్న పేరు. మా అమ్మాయికి వచ్చిన కేసుల్లో సగం అతనికీ వస్తాయి. ఇద్దరూ ఎదురుపడితే ఉప్పూ నిప్పూ.

"చూశావా ఆ కారు!" అన్నాను. "ప్రాణం మీద తీపి ఉన్నవాడెవడూ అందులో ఎక్కడు."

మమ్మల్ని పిలిపించినాయన గేటు బయటే నిలబడి ఉన్నాడు. ప్రయోగశాల ఫోర్‌మన్. అరవై దగ్గరపడిన మనిషి. కుడివైపు మీసం దువ్వి, మెలి తిప్పి, నూనె రాసి ఉంది. ఎడమవైపు నున్నగా ఉంది, ఏమీ లేదు.

"అన్నయ్యగారూ, మీసం..." అని నోరు జారాను.

"సగం మంటకి పోయింది చెల్లెమ్మా. ఈ పని చేసినవాడు దొరికేదాకా మిగిలిన సగం తియ్యనని ఒట్టు పెట్టుకున్నా." ఆయన నడుస్తుంటే ప్యాంటు జేబులో ఏదో రేకు డబ్బా గలగలమంటోంది. గుండెమాత్రలేమో అని నాకు దిగులు పట్టుకుంది.

దారిలోనే ఆయన సంగతంతా చెప్పాడు. మొన్న పొద్దున ప్రయోగశాలలో రెండు గొట్టాల్లో నీళ్ళు మరిగించి చూస్తున్నారు. ఉన్నట్టుండి కుడి గొట్టం ఎర్రగా కాలి, నిలువునా చీలింది. పైన చుట్టిన గుడ్డ అంటుకుంది. ఈయన మంటలార్పే సిలిండర్ పట్టుకుని దూకాడు. ఒక సగం మీసం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

"కానీ తప్పంతా మా ఇంజినీరు పిల్ల మీదకి వచ్చింది. గొట్టంలో ఆవిరీ నీళ్ళూ ఎలా నడుస్తాయో ముందే లెక్క కట్టి చెప్తుంది ఆ పిల్ల. ఆ లెక్క తప్పంటున్నారు. నాలుగింటికి డైరెక్టరుగారు వచ్చి తేలుస్తారు. తప్పని తేలితే పిల్ల ఇంటికి పోతుంది. ఆ లెక్క మీద కట్టిన కొత్త బాయిలర్ పాత ఇనుప కొట్టుకి పోతుంది."

"ఆ బాయిలర్ ఎక్కడుంది?" అని అడిగింది మా అమ్మాయి.

"పిల్లల ఆస్పత్రిలో బిగించేశాం. పాతది పాడైపోయింది. దుప్పట్లు ఉడకబెట్టడానికీ, ఆపరేషన్ సామాన్లు శుద్ధి చెయ్యడానికీ ఆవిరి లేదు. ఎప్పుడు వెలిగించమంటారా అని అక్కడ కాచుక్కూర్చున్నారు." ఆయన నడక ఆపి మా వైపు తిరిగాడు. "ఆ పిల్ల ఇక్కడికి శిక్షణకి వచ్చిన రోజు పానా ఎలా పట్టుకోవాలో నేనే నేర్పానమ్మా. ఎవరో ఏదో చేశారు. పట్టుకోండి."

గోడ గడియారంలో మూడుంపావు.

ప్రయోగశాల తలుపు దగ్గర ఇస్త్రీ ఎదురొచ్చాడు.

"తల్లీకూతుళ్ళ కంపెనీ దిగిందండోయ్! ఆంటీ, ఈసారి గొడుగు తేలేదా?"

"సంచిలో ఉంది నాయనా," అన్నాను. తెచ్చినప్పుడు తెచ్చానని చెప్పడానికేం?

"సాక్షులు లోపలికి రాకూడదు," అని ఫోర్‌మన్‌ని బయటే ఆపేశాడు. ఆయన పాపం, జేబులో డబ్బా గలగలమనిపించుకుంటూ వరండాలో బల్ల మీద కూలబడ్డాడు.

లోపల ఇంజినీరమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. పాతికేళ్ళు ఉంటాయేమో. రెండు రోజులుగా అన్నం తిన్న మొహం కాదు. వెనకాల గోడకి ఆనించి మనిషెత్తు గొట్టాలు రెండు, అక్కాచెల్లెళ్ళలా పక్కపక్కన ఉన్నాయి. అడుగున ఒకే పెట్టెలోంచి రెండింటికీ నీళ్ళు వస్తాయి. పైన రెండూ ఒకే డ్రమ్ములో కలుస్తాయి. చుట్టూ వేడెక్కించే కరెంటు తీగలు. పైభాగంలో మాత్రం ఇనుముకి బదులు దళసరి గాజు పెట్టారు, లోపల ఏం జరుగుతోందో కనపడాలని. కుడిదాని పొట్ట పగిలి నల్లగా ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"కరెంటు తీసేశారు కదా?" అని అడిగాను.

"తీసేశాం ఆంటీ."

"పూర్తిగా?"

"అమ్మా!" అంది మా అమ్మాయి. తరవాత ఆ పిల్ల వైపు తిరిగింది. "నీ లెక్క ఏమిటో మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పు. అమ్మకి అర్థమైతే డైరెక్టరుగారికీ అర్థమవుతుంది."

ఆ పిల్ల కుడిచేయి పిడికిలి గొట్టంలా పట్టుకుని చూపించింది. "వేడి తక్కువైతే నీళ్ళలో చిన్న బుడగలు వస్తాయి ఆంటీ. ఇంకాస్త పెంచితే బుడగలన్నీ కలిసి గొట్టమంత లావున అయి, నీళ్ళని ముద్దలు ముద్దలుగా పైకి తోస్తాయి. ఇంకా పెంచితే ఆవిరి మధ్యలో దారి చేసుకుంటుంది. నీళ్ళు గోడకి పల్చటి పొరలా అంటుకుని పాకుతాయి. ఆ పొర ఉన్నంతసేపూ గొట్టం క్షేమం. పొర ఆరిపోయిందంటే ఇనుము ఎర్రబడుతుంది. ఎంత వేడికి, ఎంత నీటికి, ఏ ఎత్తున ఏ ఆకారం వస్తుందో నా ప్రోగ్రాం ముందే చెప్తుంది."

"జోస్యంలాగా?"

"జోస్యం తప్పితే ఎవరి ఉద్యోగమూ పోదు ఆంటీ." మొదటిసారి కాస్త నవ్వింది. "మొన్నటి వేడికి పైదాకా పొర ఉండాలని చెప్పాను. నేను చెప్పానంటే ఉండాలి."

"కానీ లేదు." ఇస్త్రీ కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. గాజు వెనక జరిగిందంతా కెమెరా తీసింది. అతను ఆపి ఉంచిన బొమ్మలో కుడి గాజు బొత్తిగా పొడిగా ఉంది. "ఇదిగో. పొర ఉంటుందన్నారు, లేదు. నీళ్ళు తక్కువయ్యాయా అంటే, మీటరు ముల్లు మొదట్నుంచీ చివరిదాకా ఒకేచోట ఉంది. నీళ్ళు సరిగానే ఉన్నాయి, వేడి సరిగానే ఉంది, లెక్క తప్పింది. నా రిపోర్టు అయిపోయింది. మీరు టీ తాగి వెళ్ళొచ్చు."

ఆ పిల్ల తల వంచుకుంది. "రెండు రోజుల్నుంచీ నాకు ఈ ఒక్క బొమ్మే చూపిస్తున్నారు."

మా అమ్మాయి జుట్టులో దోపుకున్న పెన్సిల్ తీసి నోట్లో పెట్టుకుంది. దానికి ఏదో తట్టిందన్నమాట. పెన్సిల్ కొరికితే పొట్టలో విషం చేరుతుందని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"ఎందుకు ఆపారు సార్? నడపండి."

"దేనికి? ఉన్నదంతా ఇందులో ఉంది."

"పెళ్ళి ఫొటో ఒకటి చూపించి కాపురం ఎలా ఉందో చెప్తారా మీరు? నడపండి."

అతను విసుగ్గా మీట నొక్కాడు. బొమ్మ కదిలింది. కుడి గాజు పొడిగా ఉన్నప్పుడు ఎడమ గాజు నిండా నీళ్ళు ముద్దలు ముద్దలుగా ఎగిశాయి. అంతలో ఎడమది ఆరిపోయి కుడిది నిండింది. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. పార్కులో బల్లకి చెరో చివర కూర్చుని ఊగే పిల్లల్లా, ఒకటి లేస్తే ఒకటి దిగుతోంది. ఊపు కొంచెం కొంచెంగా పెరిగింది. చివరికి కుడిది ఆరి, ఇక మళ్ళీ తడవలేదు. తెరంతా తెల్లటి పొగ.

"ఊగింది!" ఆ పిల్ల తెర మీద పడిపోయేంత దగ్గరికి వచ్చింది. "రెండూ ఊగాయి!"

"కెమెరా ఊగింది," అన్నాడు ఇస్త్రీ.

"మరి మీ మీటరు?" అంది మా అమ్మాయి. "అదెక్కడుంది?"

"పంపు దగ్గర."

"రెండు గొట్టాలకీ కలిపి ఒక్కటే కదా? ఇటు తగ్గిన నీరు అటు పెరుగుతుంటే, మొత్తం మారదు. ముల్లుకి ఏం తెలుస్తుంది పాపం? ఇద్దరు పిల్లలు ఒకే గ్లాసు లాక్కుని తాగుతుంటే గ్లాసు ఖాళీ అవడమే అమ్మకి కనపడేది. ఎవరు తాగారో కాదు."

ఈ ఉపమానం ఎక్కడిదో నాకు తెలుసు. చిన్నప్పుడు ఇదీ, దీని తమ్ముడూ. ఇద్దరికీ పొలమారి నా ప్రాణం పోయినంత పనైంది.

"కెమెరా కదిలిందనే నేను రాస్తాను," అని మొండికేశాడు అతను.

"అమ్మా, టార్చి."

సంచిలోంచి తీసి ఇచ్చాను. అది గాజుకి చెంప ఆనించి లోపలికి వెలుగు కొట్టింది. గాజు పగిలి ఉంది, చెంప తెగుతుందని నేను అంటూనే ఉన్నాను.

"ఇలా రండి సార్. చొక్కా నలగదులెండి. గాజు లోపల తెల్లటి మరక కనిపిస్తోందా? నీళ్ళు మరిగిన గిన్నెలో అంచున మిగిలే ఉప్పు మరకే ఇది. ఒక్కసారి ఆరితే ఒక్క గీత పడాలి. ఇది బెత్తెడు వెడల్పుంది, పొర మీద పొర. అంటే తడిసింది, ఆరింది, మళ్ళీ తడిసింది, మళ్ళీ ఆరింది. సరే, ఇప్పుడు పగలని ఎడమది చూడండి."

అతను వంగి చూశాడు.

"అదే మరక," అన్నాడు నెమ్మదిగా.

"ఈ మరక కూడా కెమెరాయే పెట్టిందా?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ అంతలోనే, ఈ అవమానానికి అతను మా అమ్మాయి మీద కక్ష పెంచుకుంటే ఎలా అని భయమేసి చేతులు ముడుచుకున్నాను.

ఇంజినీరమ్మాయి మాత్రం ఎవరి మాటా వినడం లేదు. తనలో తను గొణుక్కుంటోంది. "ఊగకూడదు. బిళ్ళలు ఉన్నాయి కదా, ఎలా ఊగుతుంది?"

"ఏ బిళ్ళలు?" అంది మా అమ్మాయి.

"ప్రతి గొట్టం పాదంలో ఒక బిళ్ళ పెడతాం. చొక్కా గుండీ కంటే కొంచెం పెద్దది. మధ్యలో సన్నటి బెజ్జం. నీళ్ళు ఆ బెజ్జంలోంచి కష్టపడి దూరాలి. అలా ఇరుకు చేస్తేనే రెండు గొట్టాలకీ సమానంగా వెళ్తాయి. అది లేకపోతే, పైన ఒకదాంట్లో ఆవిరి కాస్త ఎక్కువైనా చాలు, నీళ్ళు అటు వెళ్ళడం మానేసి పక్కదాంట్లోకి సులువుగా జారుకుంటాయి. కాసేపటికి మళ్ళీ ఇటు. బిళ్ళ ఉంటే ఊగదు, లేకపోతే ఇదే వేడికి ఊగి తీరుతుంది. రెండూ లెక్క కట్టాను."

"బిళ్ళలు ఉన్నాయి," అన్నాడు ఇస్త్రీ. "డ్రాయింగులో ఉన్నాయి. నేను చూశాను."

"గొట్టంలో చూశారా?"

అతను డ్రాయింగు కాగితం మళ్ళీ విప్పాడు.

మేం ముగ్గురం గొట్టాల పాదాల దగ్గర గొంతుక్కూర్చున్నాం. ఆ పిల్ల ఒక్కసారి చూసి, "ఇది నేను బిగించింది కాదు," అంది. "జాయింట్ల మధ్య నేను ఎర్ర వాషర్లు వేశాను. ఇవి నల్లవి."

"విప్పు," అంది మా అమ్మాయి.

"ఆగండి!" ఇస్త్రీ అడ్డంగా నిలబడ్డాడు. "ఇక్కడ సీలు వేసింది నేను. నాలుగింటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"నాలుగు అయింది," అని గుమ్మంలోంచి వినిపించింది. డైరెక్టరుగారు. లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూ వచ్చారు. "ఆస్పత్రివాళ్ళు నా చెవి కొరికేస్తున్నారు. వెలిగించాలా, ఊడబీకాలా? ఒక్క మాట చెప్పండి."

"ఊడబీకడమే సార్," అన్నాడు ఇస్త్రీ. "లెక్క తప్పు."

"జాయింటు విప్పించండి సార్," అంది మా అమ్మాయి. "లోపల బిళ్ళలు ఉంటే నా ఆఫీసు బోర్డు ఇవాళే దించేస్తాను."

ఆ బోర్డుకి రంగు వేయించి నెల కూడా కాలేదు!

"లేకపోతే?" అన్నాడు ఇస్త్రీ, నవ్వుతూ.

"లేకపోతే, మా అమ్మ ఎక్కడికి తీసుకెళ్ళమంటే అక్కడికి మీ ఎర్ర కారులో తీసుకెళ్ళాలి."

"నేనా? అందులోనా?" అన్నాను. "చచ్చినా ఎక్కను!"

"చూశారా, ఓడినా నాకు ఖర్చు లేదు," అని అతను పక్కకి తప్పుకున్నాడు.

ఇంజినీరమ్మాయి చొక్కా చేతులు పైకి మడిచింది. పానా అందుకుని, ఎవరో దగ్గరుండి నేర్పించిన పద్ధతిలో, ఒక బోల్టు తరవాత దానికి ఎదురు బోల్టు వదులు చేసుకుంటూ వచ్చింది. జాయింటు విడింది. కాసిని నీళ్ళు కారాయి. మా అమ్మాయి టార్చి కొట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఖాళీ," అన్నారు డైరెక్టరుగారు.

రెండోది విప్పారు. అదీ ఖాళీయే. గొట్టం నోరు బోసిగా ఉంది.

ఆ పిల్ల నేల మీదే కూర్చుండిపోయింది. మొహం రెండు చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అని దగ్గరికి పరిగెత్తాను. నవ్వుతోంది.

"నా లెక్క తప్పలేదు ఆంటీ! బిళ్ళలు లేకపోతే ఊగుతుందన్నాను, ఊగింది. గొట్టం పేలడం కూడా నేను చెప్పినట్టే పేలింది!"

పేలినందుకు అంత సంబరపడే పిల్లని నేనెక్కడా చూడలేదు. డైరెక్టరుగారు ఆమె చేయి పట్టుకుని లేపారు. "ఆస్పత్రి బాయిలర్‌లో బిళ్ళలు ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి సార్. ఆరు గొట్టాలు, ఆరు బిళ్ళలు. నా చేత్తో వేశాను."

ఇంకేముంది, ఆయన అక్కడికక్కడే ఫోన్ తీశారు. "వెలిగించండి! లెక్క బంగారంలా ఉంది, వెలిగించెయ్యండి!" అవతల కేరింతలు ఇవతలికి వినిపించాయి. గదంతా చప్పట్లు. ఇస్త్రీ కూడా, కిందా మీదా చూసి, రెండు చప్పట్లు కొట్టాడు. ఆ గొడవకి వరండాలో ఉన్న ఫోర్‌మన్ తలుపు తోసుకుని వచ్చాడు.

"గెలిచాం బాబాయ్!" అని ఆ పిల్ల ఆయన మీదకి దూకినంత పని చేసింది.

"నాకు తెలుసు తల్లీ, నాకు తెలుసు!" ఆయన కళ్ళలో నీళ్ళు. "మరి దోషి దొరికాడా?"

చప్పట్లు ఆగాయి. అవును, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. మా అమ్మాయికి తప్ప.

"కూర్చోండి బాబాయ్‌గారూ," అని కుర్చీ జరిపింది. "పరీక్షకి ముందు రోజు సాయంత్రం ఈ గదిలో ఎవరున్నారు?"

"నేనొక్కణ్ణే."

"తాళం?"

"నా దగ్గరే ఉంటుంది. ఇంకెవరికీ ఇవ్వను."

"ఏం చేశారు ఆ సాయంత్రం?"

"ఏం చేస్తాను, ఎప్పుడూ చేసేదే. తుడిచా. వాల్వులు చూసుకున్నా. ప్రెషర్ టెస్టు అయ్యాక వదిలేసిన బిళ్ళలుంటే తీసేశా."

ఇంజినీరమ్మాయి పానా కింద పెట్టేసింది. ఆయన మాత్రం ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు.

"మీకు తెలీదు గానీ అమ్మాయిగారూ, కొత్త గొట్టం లీకవుతుందో లేదో చూడటానికి జాయింట్లో బిళ్ళ అడ్డం పెట్టి, నీళ్ళు నింపి, ప్రెషర్ ఎక్కిస్తాం. అయిపోయాక ఆ బిళ్ళ తియ్యాలి. కుర్రకారు మర్చిపోతారు! మర్చిపోతే నీళ్ళు వెళ్ళక గొట్టం మాడిపోతుంది. ముప్ఫై ఏళ్ళలో నా చేతి కింద ఒక్క బిళ్ళ మిగల్లేదు. ఆ రోజూ చూశాను కదా, రెండు పాదాల్లోనూ బిళ్ళలు అలానే ఉన్నాయి. మధ్యలో చిన్న బెజ్జం. గాలి పోవడానికి పెట్టుకున్నారు కాబోలు అనుకున్నా. అంత వేడి మీద అంత చిన్న బెజ్జంలోంచి నీళ్ళు ఏం సరిపోతాయి? పిల్ల మర్చిపోయింది, దానికి మాట వస్తుందేమో అని గప్‌చుప్‌గా తీసేసి, కొత్త వాషర్లు వేసి..."

ఆయన ఆగాడు. విప్పి ఉన్న జాయింట్ల వైపు చూశాడు. పిల్ల వైపు చూశాడు. చేయి దానంతటదే మిగిలిన మీసం మీదకి వెళ్ళింది.

"నేనేనా?" అన్నాడు.

కేసు ఇచ్చినాయనే దోషి అని తేలడం మా అమ్మాయికి కూడా అదే మొదటిసారి. ఇస్త్రీ ఏదైనా వెటకారం చేస్తాడేమో అని వాడి వంక గుడ్లురిమి చూశాను. వాడు కూడా నేల చూపులు చూస్తున్నాడు.

ఇంజినీరమ్మాయి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "బాబాయ్, బిళ్ళ మీద ఒక్క ముక్క రాయలేదు నేను. 'తియ్యొద్దు' అని చెక్కించి ఉంటే నువ్వు తీసేవాడివా?"

"నా నెత్తిన పెట్టుకునేవాణ్ణి."

"అయితే సగం నీది, సగం నాది. నీ మీసంలాగా."

ఆయన ముక్కు ఎగబీల్చి నా వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, కత్తెర ఉంటుందా?"

నా సంచిలో లేనిదేముంటుంది? ఇచ్చాను. ఆయన కిటికీ అద్దంలో చూసుకుంటూ మిగిలిన సగం కత్తిరించుకున్నాడు. బోసి మొహంతో ఇటు తిరిగేసరికి డైరెక్టరుగారు మొదలుపెట్టారు నవ్వడం. తరవాత అందరం. ఆయన కూడా.

అందరూ నవ్వుతున్నారు గానీ నాకు ఏదో అనుమానం మొదలైంది. సంతోషం ఎక్కువైతే నాకు ఎప్పుడూ అంతే. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క బిళ్ళ వదలని మనిషి ఈయన. వదలలేదు, సరే. మరి...

"అన్నయ్యగారూ," అన్నాను, "ఇలాంటివి ఇంకెక్కడైనా తీశారా?"

"అమ్మా, నీకు మొదలైందా!" అని నవ్వింది మా అమ్మాయి.

ఫోర్‌మన్ నవ్వలేదు.

ఆయన జేబులోంచి రేకు డబ్బా తీశాడు. గుండెమాత్రలు కావు. మూత తీసి బల్ల మీద బోర్లించాడు. తీసిన ప్రతి బిళ్ళా దాచుకుంటాడట, ఎన్ని గొట్టాలు మాడకుండా కాపాడాడో గుర్తుండటానికి. తుప్పు పట్టినవీ, పెద్దవీ, చిన్నవీ చాలా దొర్లాయి. వాటి మధ్యలో కొత్తవి, మెరుస్తూ, సన్నటి బెజ్జంతో.

ఇంజినీరమ్మాయి వాటిని వేలితో ఒక పక్కకి జరుపుకుంటూ వచ్చింది. ఇక్కడివి రెండు. ఆమె వేలు ఆగలేదు. మూడు. నాలుగు. చివరికి మెరిసేవి ఎనిమిది తేలాయి.

"ఆస్పత్రి బాయిలర్," అన్నాడు ఆయన. "లారీ ఎక్కించే ముందు ప్రెషర్ టెస్టు చేశాం కదా తల్లీ. అయ్యాక..."

డైరెక్టరుగారు అప్పటికే ఫోన్ కలిపారు. మోగుతోంది. మోగుతూనే ఉంది.

"ఎత్తరు సార్," అంది ఆ పిల్ల, పాలిపోయి. "మంట వేశాక బాయిలర్ గదిలో ఆ హోరుకి ఏమీ వినపడదు."

"ఎంత టైముంది?" అంది మా అమ్మాయి. పెన్సిల్ నోట్లోంచి కింద పడింది.

"చల్లటి నీళ్ళు మరగాలి, పూర్తి మంట మీదకి రావాలి. నా లెక్క ప్రకారం అరగంట పడుతుంది ఊగడం మొదలవ్వడానికి." గడియారం చూసింది. "అందులో పావుగంట మనం చప్పట్లు కొట్టేశాం."

"మీరు ఫోన్ వదలొద్దు సార్!" అని డైరెక్టరుగారికి చెప్పి మా అమ్మాయి గుమ్మం దాటింది. ఆ పిల్లా, ఫోర్‌మనూ వెనకే పరుగు. ఇస్త్రీ కూడా కారు తాళాలు పట్టుకుని బయల్దేరాడు. నేను సంచి చంకన పెట్టుకుని వాళ్ళకంటే ముందు మెట్లు దిగాను. ఎలా దిగానో నాకే తెలీదు.

మా కారు దగ్గర ఆగలేదు నేను. ఎర్ర కారు తలుపు లాగి, ముందు సీట్లో కూర్చున్నాను.

"బాబూ, పందెం ఓడిపోయావు కదా? పద. పిల్లల ఆస్పత్రి!"

ఇస్త్రీ నోరు వెళ్ళబెట్టి, స్టీరింగ్ ముందు కూలబడ్డాడు. వెనక సీట్లో ముగ్గురూ ఒకరి మీద ఒకరు కుక్కుకున్నారు. కారు గర్జించి గేటు దాటింది. దాటాక అతను నా వంక భయంభయంగా చూసి, వేగం తగ్గించాడు.

"ఆంటీ, మీకు ముప్ఫై దాటకూడదు కదా..."

"ముప్ఫై ఏమిటి నాయనా! అక్కడ వార్డుల నిండా పసిపిల్లలు!" కళ్ళు గట్టిగా మూసుకుని సంచిలోంచి ఈల తీసి నోట్లో పెట్టుకున్నాను. కిటికీలోంచి తల బయటపెట్టి ఊదాను. ముందున్న బండ్లన్నీ చెరో పక్కకీ తప్పుకున్నాయి కాబోలు, గాలి మొహాన్ని కోసేస్తోంది.

"అమ్మా," వెనకనుంచి మా అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది. అది భయపడటం నేనెరగడం అదే మొదటిసారి. "తొంభై అమ్మా."

నేను ఈల తీసి అడిగాను.

"దాటిందా లేదా?"